గాలితో పాటు చేరే నీరు: వాహనాల కంప్రెసర్లలో తేమ ఎందుకు ప్రమాదకరం, తొలగించేదెలా?

నైరుతి రుతుపవనాలు దక్షిణ గుజరాత్‌ను తాకిన నాటి నుంచి సూరత్ పరిసరాల్లోని లారీ అడ్డాల్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. రాత్రి బండి నిలిపిన తరువాత డ్రైవరు గానీ క్లీనరు గానీ ఛాసిస్ కిందికి వంగి, గాలి ట్యాంకుల అడుగున ఉన్న చిన్న వాల్వును లాగుతారు. బుస్సుమని గాలి, దాని వెంట నీరు బయటికి వస్తాయి. కొన్ని బండ్ల నుంచి స్వచ్ఛమైన నీరు, మరికొన్నింటి నుంచి పాలలా తెల్లని ద్రవం, ఇంకొన్నింటి నుంచి తుప్పురంగు నీరు కారుతుంది. ఆ ట్యాంకులో ఎవరూ నీరు పోయలేదు. గాలిని నింపే కంప్రెసరే, గాలిలో కంటికి కనిపించకుండా ఉన్న ఆవిరిని కూడా లోపలికి తెచ్చి నీరుగా మార్చింది.

లారీల బ్రేకులకు గాలిని అందించే కంప్రెసరైనా, ఇసుక, బురద దారుల్లో ప్రయాణించే జీపుల్లో టైర్లు నింపేందుకు బిగించుకునే 12 వోల్టుల చిన్న కంప్రెసరైనా ఈ సమస్యకు అతీతం కాదు. మొదటి సందర్భంలో ఈ నీరు బ్రేకుల పనితీరుకు సంబంధించిన విషయం. రెండవ సందర్భంలో ఊరికి దూరంగా, సహాయం అందని చోట వాహనం కదులుతుందా లేదా అన్న ప్రశ్న. ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ పేరుకుంటుంది, ఎలా తొలగించాలి అనే అంశాలను తెలుసుకుంటే పెద్ద ఖర్చు లేకుండానే ముప్పును తప్పించుకోవచ్చు.

సూరత్‌లో సమస్య ఎందుకు తీవ్రం?

సూరత్ నగరం తపతి నది ఒడ్డున, ఖంభాత్ సింధుశాఖకు సమీపంలో ఉంది. సముద్రపు గాలి, నది, వర్షాకాలం కలిసి ఇక్కడి వాతావరణంలో తేమను ఎక్కువగా ఉంచుతాయి. పశ్చిమాన హజీరా రేవు, భారీ పరిశ్రమలు ఉన్నాయి. హజీరా నుంచి బయలుదేరే 53వ నంబరు జాతీయ రహదారి ధులే, నాగ్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా తూర్పు తీరం వైపు సాగుతుంది. ఢిల్లీని చెన్నైతో కలిపే 48వ నంబరు జాతీయ రహదారి నగరానికి తూర్పున వెళుతుంది. ఉక్కు, రసాయనాలు, సిమెంటు, వస్త్రాల మూటలతో ఈ దారుల వెంట నడిచే భారీ వాహనాలన్నింటికీ గాలి బ్రేకులే ఆధారం.

ఆగ్నేయంగా వెళితే దారి మైదానాన్ని వదిలి డాంగ్ జిల్లా అడవుల్లోకి, సాపుతారా ఘాట్ రోడ్డు మీదికి చేరుతుంది. గుజరాత్‌లో అధిక వర్షపాతం పొందే ప్రాంతాలలో డాంగ్ ఒకటి. వర్షాకాలంలో పర్యాటకులు, సాహస వాహన ప్రియులు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడికే. తేమ అత్యధికంగా ఉండే నెలల్లోనే బ్రేకులకు, బురదదారి సామగ్రికి పని కూడా అత్యధికంగా పడటం గమనించదగిన విషయం.

సంపీడన గాలిలోని తేమ సూరత్‌లోని తెలుగువారికి కొత్త విషయం కాదు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి దశాబ్దాలుగా వలస వెళ్లిన చేనేత, మరమగ్గాల కుటుంబాలు లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. గాలి వేగంతో పేక దారాన్ని తోసే ఎయిర్‌జెట్ మగ్గాలకు, దారానికి ముడతలిచ్చే టెక్స్చరైజింగ్ యూనిట్లకు పొడి గాలి ఎంత ముఖ్యమో అక్కడ పనిచేసేవారికి అనుభవమే. గాలి గొట్టంలో నీరు వస్తే దారం చెడుతుంది, వస్త్రంపై మరక పడుతుంది. అందుకే మిల్లుల్లో కంప్రెసర్ పక్కనే గాలిని ఆరబెట్టే యంత్రం ఉంటుంది. వాహనంలో అంత పెద్ద యంత్రానికి చోటు ఉండదు గానీ, సూత్రం మాత్రం ఒకటే.

గాలిలో నీరు ఎంత?

ఒక నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద ఒక ఘనమీటరు చోటులో ఇంత ఆవిరి మాత్రమే నిలవగలదు అనే పరిమితిని ప్రకృతి విధించింది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ పరిమితి సుమారు 17 గ్రాములు. 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాములు. 40 డిగ్రీల వద్ద సుమారు 51 గ్రాములు. 0 డిగ్రీల వద్ద 5 గ్రాములకు లోపే. వాతావరణ వార్తల్లో వినిపించే సాపేక్ష ఆర్ద్రత, ఈ పరిమితిలో ఎన్ని శాతం నిండిందో తెలుపుతుంది.

ఇక్కడొక కీలకాంశం ఉంది. ఆ పరిమితి చోటుకు, ఉష్ణోగ్రతకు సంబంధించినదే తప్ప, ఆ చోటులో ఎంత గాలిని కుక్కామన్న దానికి సంబంధించినది కాదు. కంప్రెసర్ 8 ఘనమీటర్ల గాలిని నొక్కి ఒక ఘనమీటరు చోటులో పెడితే, 8 ఘనమీటర్లలోని ఆవిరి అంతా ఆ ఒక్క ఘనమీటరులోకి చేరుతుంది. కానీ అక్కడ ఆవిరి నిలవగల పరిమితి మారదు. మిగిలినదంతా నీరుగా మారక తప్పదు.

ఒక లెక్క చూద్దాం. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఆర్ద్రత 80 శాతం ఉన్న వర్షాకాలపు రోజున ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల ఆవిరి ఉంటుంది. అలాంటి గాలిని గేజీ మీద 7 బార్లు, అంటే దాదాపు 100 పీఎస్‌ఐ చూపేవరకు నొక్కితే 8 ఘనమీటర్ల గాలి ఒక ఘనమీటరులో ఇముడుతుంది. దానితో వచ్చిన ఆవిరి సుమారు 194 గ్రాములు. ఆ గాలి తిరిగి 30 డిగ్రీలకు చల్లారితే ఆవిరిగా నిలిచేది 30 గ్రాములే. మిగిలిన సుమారు 164 గ్రాములు నీరవుతుంది. లోపలికి వచ్చిన తేమలో ఆరింట ఐదు వంతులు ద్రవరూపం దాల్చుతుందన్నమాట.

వాన లేని రోజుల్లో ఈ బెడద ఉండదనే అభిప్రాయం కూడా సరికాదు. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, ఆర్ద్రత 40 శాతం ఉన్న పొడి శీతాకాలపు ఉదయం ఘనమీటరు గాలిలో 7 గ్రాముల ఆవిరే ఉంటుంది. అయినా అదే ఒత్తిడికి నొక్కితే 55 గ్రాములు చేరి, 17 గ్రాములు మాత్రమే నిలిచి, 38 గ్రాములు నీరవుతుంది. వర్షాకాలంతో పోలిస్తే పరిమాణం నాలుగో వంతుకు తగ్గుతుంది. కానీ నీరు చేరడం మాత్రం ఆగదు.

వేడిలో దాగే నీరు

నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కింది భాగం కొద్దిసేపట్లోనే వెచ్చబడటం అందరికీ తెలిసినదే. వాహన కంప్రెసర్ నుంచి వెలువడే గాలి 100 డిగ్రీలు దాటి వేడిగా ఉండటం మామూలే. ఆ వేడిలో ఆవిరికి ఉన్న పరిమితి చాలా ఎక్కువ కనుక, కంప్రెసర్ తలలోనూ, దాని వెంటనే ఉండే గొట్టంలోనూ నీరు కనిపించదు. గాలి ట్యాంకుకు చేరి, చల్లని ఇనుప గోడలను తాకినప్పుడు మాత్రమే బిందువులు ఏర్పడతాయి.

ఈ చిన్న విషయం తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. జీపుల్లో కంప్రెసర్ బిగించుకునేవారు కొందరు, నీటిని వేరుచేసే గిన్నె ఆకారపు ఫిల్టరును కంప్రెసర్‌కు ఆనుకునే అమర్చుతారు. అక్కడ గాలి ఇంకా వేడిగానే ఉంటుంది. ఆవిరి ఆవిరిగానే ఫిల్టరును దాటిపోయి, ఆ తరువాత ట్యాంకులోనో, టైరులోనో నీరవుతుంది. ఫిల్టరు గిన్నె మాత్రం పొడిగా కనిపిస్తుంది. గిన్నెలో నీరు లేదు కనుక గాలి పొడిగా ఉందని భావించడం ఇక్కడ మోసపోవడమే. వేడికి కొన్ని ప్లాస్టిక్ గిన్నెలు మెత్తబడి పగిలే ప్రమాదమూ ఉంది. ముందు చల్లబరచాలి, తరువాత వేరుచేయాలి అన్నది ఈ రంగంలో తొలి నియమం.

బ్రేకుల్లో నీరు చేరితే

వాహనంపైనే కంప్రెసర్‌ను ఉంచి, ఆ గాలితో బ్రేకులు వేసే విధానం రైళ్లతో మొదలైంది. అమెరికాకు చెందిన జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు పొందారు. ఇంజను మీది ఆవిరి పంపు గాలిని నొక్కి ట్యాంకులో నింపేది. గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా బ్రేకులు వాటంతట అవే పడేలా 1872లో ఆయన దానిని మెరుగుపరిచారు. నేటి లారీలు, బస్సుల బ్రేకులు ఆ ఆలోచనకు వారసులే.

లారీలో కంప్రెసర్‌ను ఇంజనే తిప్పుతుంది. గాలి ముందుగా ఆరబెట్టే పరికరం, అంటే ఎయిర్ డ్రైయర్ గుండా వెళ్లి, తరువాత వేర్వేరు ట్యాంకులకు చేరుతుంది. డ్రైవరు పెడలు నొక్కినప్పుడు ఆ గాలి చక్రాల వద్ద ఉన్న బ్రేకు ఛాంబర్లలోకి ప్రవేశించి బ్రేకులను పనిచేయిస్తుంది. ఈ మార్గంలో ఎక్కడ నీరు చేరినా నష్టం నాలుగు విధాలుగా ఉంటుంది.

మొదటిది, ట్యాంకులో నీరు ఆక్రమించిన మేరకు గాలికి చోటు తగ్గుతుంది. గేజీ నిండుగానే చూపుతుంది. కానీ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వరుసగా బ్రేకులు వేస్తే ఒత్తిడి త్వరగా పడిపోతుంది. రెండవది, వాల్వుల లోపలి గ్రీజును నీరు కడిగివేస్తుంది. రబ్బరు సీళ్లు బిగుసుకుపోవడం, బ్రేకు ఆలస్యంగా పట్టడం లేదా ఆలస్యంగా వదలడం దీని పర్యవసానం. మూడవది తుప్పు. ఇనుప ట్యాంకు లోపలి నుంచి పలచబడుతుంది. రాలిన తుప్పు పెచ్చులు సన్నని దారుల్లో అడ్డుపడతాయి. నాలుగవది, కంప్రెసర్ నుంచి వచ్చే నూనె తుంపరలతో నీరు కలిసి చిక్కని మడ్డి తయారవుతుంది. డ్రెయిన్ వాల్వు నుంచి వచ్చే పాలవంటి ద్రవం ఇదే. నూనె మోతాదుకు మించి వస్తున్నదంటే కంప్రెసర్ పిస్టన్ రింగులు అరిగాయేమో పరీక్షించవలసిన సమయం వచ్చిందని అర్థం.

ఎంత నీరు చేరుతుందన్నది ఎంత గాలి పీల్చుకున్నదన్న దానిపై ఆధారపడుతుంది. ఒక లారీ కంప్రెసర్ రోజంతా కలిపి 10 ఘనమీటర్ల గాలిని పీల్చిందనుకుందాం. పైన చెప్పిన వర్షాకాలపు రోజున దాని వెంట 240 గ్రాములకు పైగా తేమ వస్తుంది. అందులో దాదాపు 200 గ్రాములు, అంటే ఒక పెద్ద గ్లాసు నీరు, డ్రైయర్‌లోనో ట్యాంకులోనో తేలుతుంది. వారం రోజులు పట్టించుకోకపోతే అది లీటరు దాటుతుంది.

ఈ లెక్కలోనే మరో హెచ్చరిక ఇమిడి ఉంది. గొట్టాల్లో, జాయింట్లలో గాలి కారుతున్న బండి కంప్రెసర్ మామూలు కంటే ఎక్కువసేపు పనిచేయాలి. ఎక్కువ గాలి పీల్చితే ఎక్కువ నీరు వస్తుంది. ఎక్కువ వేడెక్కితే ఎక్కువ నూనె బయటపడుతుంది. ట్యాంకులో అకస్మాత్తుగా నీరు పెరిగిందంటే ముందుగా వెతకవలసింది గాలి లీకేజీనే. సబ్బు నీటి నురుగు రాసి చూస్తే లీకు ఎక్కడున్నదో బుడగలే చెబుతాయి.

డ్రైయర్ ఉంది కదా, ఇక చాలదా?

ఎయిర్ డ్రైయర్‌లోని గుండ్రటి డబ్బాలో తేమను పీల్చే గుళికలు ఉంటాయి. మందుల సీసాల్లో, కొత్త సంచుల్లో కనిపించే సిలికా జెల్ పొట్లాల వంటి పదార్థమే ఇది. గాలి గుళికల మధ్యగా వెళ్లేటప్పుడు ఆవిరి వాటి సూక్ష్మ రంధ్రాలలో చిక్కుకుంటుంది. ట్యాంకులు నిండగానే కంప్రెసర్ విరామం తీసుకుంటుంది. అప్పుడు కొంత పొడిగాలి వెనక్కి ప్రవహించి, గుళికల్లోని తేమను ఊడ్చుకుని బయటికి వెళుతుంది. ఆగి ఉన్న లారీ నుంచి ఉన్నట్టుండి వినిపించే పెద్ద బుస అదే.

ఈ గుళికలకు రెండు శత్రువులున్నాయి. ఒకటి నూనె. నూనె పొర పట్టిన గుళికలు మళ్లీ ఆరవు, తేమను పీల్చవు. రెండవది విరామం లేకపోవడం. కంప్రెసర్ ఆగకుండా పనిచేస్తే గుళికలు ఆరే అవకాశమే రాదు. అందుకే తయారీదారు సూచించిన గడువు ప్రకారం గుళికల డబ్బాను మార్చడం, గడువు రాకున్నా ట్యాంకులో నీరు కనిపిస్తే పరీక్షించడం అవసరం. డ్రైయర్ ఉన్న వాహనాల్లోనూ ట్యాంకుల కింద డ్రెయిన్ వాల్వులు ఉంచడానికి కారణమిదే. డ్రైయర్ సరిగా పనిచేస్తున్నదో లేదో తేల్చి చెప్పే సాక్షి ఆ వాల్వే. పొడి గాలి వస్తే సరే, నీరు వస్తే డ్రైయర్ విఫలమైనట్టే.

ఇసుక, బురద దారుల్లో

సాహస యాత్రల వాహనాల్లో కంప్రెసర్ అవసరం వేరు. మెత్తని ఇసుకలో, బురదలో వెళ్లేముందు టైర్లలో గాలి తగ్గిస్తారు. మామూలుగా 32 పీఎస్‌ఐ ఉండే చోట 18 వరకు, కొన్నిసార్లు ఇంకా తక్కువకు దించుతారు. టైరు నేలపై పొడవుగా పరచుకుని బరువును పంచుకోవడంతో బండి కూరుకుపోదు. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు గాలి నింపక తప్పదు. తక్కువ గాలితో వేగంగా వెళితే టైరు పక్కగోడలు వేడెక్కి పగిలిపోతాయి. దగ్గరలో పంక్చర్ దుకాణం ఉండదు కనుక కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

సూరత్ సమీపంలో డుమస్ తీరం పేరు వినగానే ఇసుక గుర్తుకు రావచ్చు. కానీ అక్కడ తీరంలోకి వాహనాలు తీసుకువెళ్లడాన్ని పోలీసులు నిషేధించారు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. తడి బురద నేలలో చిక్కుకున్న వాహనాన్ని పోటు సమయానికి బయటికి తీయడం కష్టం. ఈ తీరంలో కార్లు కూరుకుపోయిన ఘటనలు పలుమార్లు వార్తలకెక్కాయి. డాంగ్ ప్రాంతపు మట్టి దారులు, కచ్ వైపు అనుమతి ఉన్న మార్గాలు మాత్రమే ఇలాంటి ప్రయాణాలకు తగినవి. అభయారణ్యాల్లోనూ, రక్షిత అడవుల్లోనూ ముందస్తు అనుమతి తప్పనిసరి.

ఇక నీటి లెక్క. ఒక్కో టైరులో 75 లీటర్ల చోటు ఉందనుకుంటే, 18 నుంచి 32 పీఎస్‌ఐకి పెంచడానికి నాలుగు టైర్లకు కలిపి బయటి గాలి దాదాపు 285 లీటర్లు కావాలి. వర్షాకాలంలో దాని వెంట సుమారు 7 గ్రాముల నీరు వస్తుంది. ఇది టీ చెంచాన్నర. ఒక్కసారికి ఇది పెద్ద విషయం కాదు. ఒకే కంప్రెసర్‌తో 10 బండ్లకు గాలి నింపితే 70 గ్రాములవుతుంది. ఒక కాలమంతా ట్యాంకును ఖాళీ చేయకపోతే అడుగున నీటి మడుగు నిలుస్తుంది.

టైరు విషయంలో మరో సంగతి ఉంది. టైరులో ద్రవరూపంలో నీరుంటే, టైరు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై అదనపు ఒత్తిడిని కలిగిస్తుంది. 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు టైరు వేడెక్కితే, గాలి వ్యాకోచం వల్ల పెరిగే ఒత్తిడికి తోడు నీటి ఆవిరి ఒక్కటే 2 పీఎస్‌ఐకి పైగా కలుపుతుంది. చక్రపు రిమ్ములకు తుప్పు, లోపలి ప్రెషర్ సెన్సర్లకు హాని అదనం. అల్పమైన తేమ వల్ల ప్రమాదం లేదు గానీ, నీటిని నేరుగా టైరులోకి పంపే అలవాటును మాత్రం మానుకోవాలి.

గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాకులు ఉన్న జీపులకు తేమ మరింత హానికరం. రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఈ అమరికను ఒక చిన్న సోలనాయిడ్ వాల్వు గాలి పంపి పనిచేయిస్తుంది. ఆ వాల్వులో తుప్పు పట్టినా, మడ్డి చేరినా బురదలో అత్యవసరమైన క్షణంలో లాకు పడదు, లేదా పడిన లాకు విడిపోదు.

అమరికలో పాటించవలసిన క్రమం

తేమను అదుపు చేయడానికి ఖరీదైన పరికరాలకంటే వాటిని అమర్చే క్రమమే ప్రధానం. ముందుగా గాలి పీల్చే ద్వారం. అది చక్రాల చిమ్ముడుకు, వాగు నీటికి అందని ఎత్తులో, ఇంజను వేడికి దూరంగా, ధూళి ఫిల్టరుతో ఉండాలి. ద్వారం నీట మునిగితే సిలిండరులోకి నీరు చేరుతుంది. గాలిలా నీరు నొక్కుకుపోదు కనుక కంప్రెసర్ విరిగిపోయే ప్రమాదముంది.

తరువాత కంప్రెసర్ నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం. ఇది వేడిని తట్టుకునే రకం కావాలి. లోహపు అల్లిక ఉన్న గొట్టమైనా, రాగి గొట్టమైనా మంచిదే. దీనిని కొంత పొడవుగా, గాలి తగిలే చోట, ట్యాంకు వైపు వాలుగా అమర్చితే గాలి దారిలోనే చల్లబడుతుంది, ఏర్పడిన నీరు ట్యాంకులోకి జారిపోతుంది. మధ్యలో గొట్టం కిందికి వేలాడితే ఆ వంపులో నీరు నిలుస్తుంది. ఇంటి నీళ్లకు వాడే పీవీసీ పైపులను ఒత్తిడి గాలికి ఎన్నడూ వాడరాదు. అవి ముక్కలుగా పేలుతాయి.

మూడవది ట్యాంకు. డ్రెయిన్ వాల్వు ట్యాంకు అట్టడుగున ఉండాలి. గాలి బయటికి వెళ్లే ద్వారం పైభాగాన ఉండాలి. రెండూ ఒకే ఎత్తులో ఉంటే నీరే ముందుగా బయలుదేరుతుంది. నాలుగవది నీటిని వేరుచేసే ఫిల్టరు. ఇది ట్యాంకు తరువాత, గాలి చల్లబడిన చోట ఉండాలి. ఐదవది ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటరు.

రెగ్యులేటరు వల్ల ఒక అదనపు ప్రయోజనం ఉంది. ట్యాంకులో 7 బార్ల వద్ద, బయటి ఉష్ణోగ్రతకు చల్లబడిన గాలి తేమతో పూర్తిగా నిండి ఉంటుంది. అదే గాలి 32 పీఎస్‌ఐ ఉన్న టైరులోకి వ్యాకోచించినప్పుడు దాని ఆర్ద్రత దాదాపు 40 శాతానికి పడిపోతుంది. అదనపు నీరు ట్యాంకులోనే ఉండిపోవడంతో, ఎక్కువ ఒత్తిడి వద్ద నిల్వ చేసి, చల్లార్చి, తక్కువ ఒత్తిడి వద్ద వాడితే గాలి దానంతటదే పొడిబారుతుంది. మిల్లుల్లో డ్రైయర్లు గాలిని దాదాపు 3 డిగ్రీల వరకు చల్లార్చి సాధించేదీ స్థూలంగా ఇలాంటి ఫలితమే.

ట్యాంకు లేని చేతి కంప్రెసర్లకు కూడా ఒక ఉపాయముంది. టైరుకు తగిలించే ముందు గొట్టాన్ని కొన్ని సెకన్లు ఖాళీగా ఊదనిచ్చి అందులోని నిల్వ నీటిని బయటికి పంపాలి. పొడవైన గొట్టాన్ని చుట్టలు విప్పి పరిస్తే గాలి చల్లబడుతుంది. తయారీదారు చెప్పిన వ్యవధి తరువాత కంప్రెసర్‌కు విశ్రాంతి ఇవ్వాలి.

చలి ప్రాంతాలకు వెళ్లేవారికి

సూరత్‌లో ట్యాంకు నింపుకుని హిమాలయ యాత్రకు బయలుదేరే వాహనాలు ప్రతి వేసవిలోనూ కనిపిస్తాయి. మైదానంలో ట్యాంకులో చేరిన నీరు లదాఖ్, స్పితి వంటి చోట్ల రాత్రి గడ్డకడుతుంది. వాల్వులో చిన్న మంచు ముక్క ఉన్నా గాలి దారి మూసుకుపోతుంది. ఒత్తిడి గాలి సన్నని రంధ్రం గుండా బయటికి వచ్చేటప్పుడు చల్లబడుతుంది కనుక, బయట గడ్డకట్టే చలి లేకున్నా అక్కడ మంచు పట్టవచ్చు. ఎత్తైన ప్రాంతాలకు బయలుదేరేముందు మైదానంలోనే ట్యాంకులన్నింటినీ పూర్తిగా ఖాళీ చేసి, గుళికల డబ్బాను పరీక్షించుకోవడం శ్రేయస్కరం. గడ్డకట్టిన వాల్వుపై మంటతో వేడి చేయడం, ట్యాంకులో స్పిరిటు లేదా డీజిలు పోయడం వంటి దారి చిట్కాలు రబ్బరు సీళ్లను పాడుచేస్తాయి, మంటలకూ దారితీయవచ్చు.

నీరు వదిలేటప్పుడు జాగ్రత్తలు

డ్రెయిన్ వాల్వు తెరవడం సులభమైన పనే. అయినా ఒత్తిడి గాలి కంటిలోకి తుప్పు ముక్కను విసిరితే చూపుకే ప్రమాదం. ముఖాన్ని పక్కకు తిప్పి, కళ్లద్దాలు ధరించి, వాల్వును నెమ్మదిగా తెరవాలి. లారీని సమతల నేలపై నిలిపి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టిన తరువాతే కిందికి వెళ్లాలి. గాలి పూర్తిగా వదిలినప్పుడు స్ప్రింగు బ్రేకులు ఉన్న బండ్లలో అవి పట్టుకుంటాయి. ఆ అమరిక లేని పాత బండ్లలో మాత్రం గాలి లేకపోతే బ్రేకే ఉండదు. రెండింటిలోనూ గేజీ పూర్తి ఒత్తిడి చూపి, హెచ్చరిక దీపం ఆరిన తరువాతే కదలాలి.

ట్యాంకుకు సంబంధించిన ఏ భాగాన్నైనా విప్పే ముందు ఒత్తిడి సున్నాకు చేరిందని నిర్ధారించుకోవాలి. తుప్పుతో పలచబడిన ట్యాంకుకు వెల్డింగు వేసి మళ్లీ వాడటం ప్రమాదకరం. బయటికి చిన్న రంధ్రం కనిపించిందంటే లోపల ఇంకా ఎంతో మేర లోహం తరిగిపోయి ఉంటుంది. అలాంటి ట్యాంకును మార్చడమే ఏకైక మార్గం. అధిక ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వును తొలగించడం గానీ, బిగించి మూయడం గానీ చేయరాదు. బయటికి వచ్చే నూనె కలిసిన నీటిని కాలువలోకి వదలకుండా డబ్బాలో పట్టి, వాడిన ఇంజన్ నూనెతో పాటు అప్పగించాలి.

ఎప్పుడెప్పుడు చేయాలి?

డ్రైయర్ లేని వాహనాల్లో వర్షాకాలమంతా ప్రతిరోజూ పని ముగిశాక నీరు వదలాలి. పని ముగిసిన వెంటనే కాకుండా ట్యాంకు కొంత చల్లబడ్డాక వదిలితే ఎక్కువ నీరు బయటికి వస్తుంది. డ్రైయర్ ఉన్న లారీలలో వారానికొకసారి పరీక్షగా తెరిచి చూడటం మంచి అలవాటు. స్వయంచాలక డ్రెయిన్ వాల్వులు ఉన్న బండ్లలోనూ అవి మడ్డితో మూసుకుపోలేదని అప్పుడప్పుడు చేతితో తెరిచి నిర్ధారించుకోవాలి. సాహస వాహనాల్లో ప్రతి ప్రయాణం ముగిశాక ట్యాంకును ఖాళీ చేసి, వాల్వును కొంతసేపు తెరిచి ఉంచితే లోపలి గోడలు ఆరతాయి. ఫిల్టరు గిన్నెను, గాలి పీల్చే ద్వారపు ధూళి ఫిల్టరును కూడా అప్పుడే శుభ్రం చేయవచ్చు. ఉప్పు ధూళి ఉండే కచ్ రణ్ ప్రాంతం నుంచి తిరిగివచ్చాక ఈ పని వాయిదా వేయరాదు. ఉప్పు కలిసిన తేమ లోహాన్ని మరింత వేగంగా తినేస్తుంది.

బయటికి వచ్చిన నీటి రంగును గమనించడం కూడా తనిఖీలో భాగమే. స్వచ్ఛమైన కొద్దిపాటి నీరు సహజం. పాలరంగు ద్రవం కంప్రెసర్ నూనెను, తుప్పురంగు నీరు ట్యాంకు లోపలి స్థితిని, ఒక్కసారిగా పెరిగిన పరిమాణం గాలి లీకేజీని లేదా డ్రైయర్ వైఫల్యాన్ని సూచిస్తాయి. ఈ పరిశీలనకు పట్టేది రెండు నిమిషాలు. హజీరా నుంచి సరుకుతో బయలుదేరే లారీకైనా, వానలో సాపుతారా ఘాట్ రోడ్డు దిగే జీపుకైనా ఆ రెండు నిమిషాలను బండి ఎక్కకముందే కేటాయించాలి.